సామాన్ల మేస్త్రిగారు

కిందటి నెల మా పై వాటా వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న మనుషులు నలుగురు పొద్దున్నే వచ్చి, అట్టపెట్టెలు విప్పి, బుడగల ప్లాస్టిక్ చుట్టి, టేపులంటించి, మధ్యాహ్నానికల్లా ఇల్లంతా లారీలోకి ఎక్కించేశారు. నేను కింద వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. వాళ్ళలో లారీ డ్రైవరు ఒక్కడే వయసు మళ్ళినవాడు. మంచినీళ్ళ కోసం నా దగ్గరికొచ్చి, గ్లాసు అందుకోబోతూ నా మొహంకేసి చూసి ఆగాడు.

"తమరు నరసాపురంలో ఉండేవారు కదండీ? పెద్దమ్మగారికి చూపుండేది కాదు."

అవునన్నాను.

"అప్పుడా లారీ తోలింది నేనేనండి. మేస్త్రిగారు పోయారండి, కిందటి వేసంగిలో. నిద్దట్లోనే పోయారంట."

ఏ మేస్త్రి అని నేనడగలేదు. అతను నీళ్ళు తాగి, గ్లాసు గట్టుమీద బోర్లించి వెళ్ళిపోయాడు. పైనుంచి టేపు చింపుతున్న చప్పుడు వస్తోంది. ఎండలో కూర్చున్నానన్న మాటే గాని, ఒంటికి మాత్రం ఎక్కడిదో చలికాలపు పొద్దుటి తడి తగులుతున్నట్టుగా ఉంది.

ఆయన పేరు నాకు తెలియదు. మూడుసార్లు మా ఇల్లు ఎత్తి మూడుసార్లు దింపిన మనిషి పేరు తెలుసుకోలేదంటే ఇప్పుడు నాకే వింతగా ఉంటుంది. నరసాపురం రేవు దగ్గర ఒక లారీ ఆఫీసు ఉండేది. ఇళ్ళు మారేవాళ్ళు అక్కడికి వెళ్ళి చెబితే, లారీతోపాటు ఆయన్నీ ఇద్దరు కూలీల్నీ పంపేవారు. అందుకని ఊళ్ళో అందరూ ఆయన్ని సామాన్ల మేస్త్రి అనేవారు. పొట్టి మనిషి. బరువులు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉండేది. ఎవరింటికెళ్ళినా చెప్పులు గడప బయట విడిచేవారు. ఎంత అలిసిపోయినా అవతలివాళ్ళ కుర్చీలో కూర్చునేవారు కాదు. మెట్లమీద కూర్చునేవారు.

మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయారు. ఆ ఉద్యోగం నాకిచ్చారు. పిల్లలు లేరు. ఇంట్లో నేనూ మా అత్తగారూ. ఆవిడకి నీటికాసులొచ్చి, కొడుకు పోకముందే చూపు పూర్తిగా పోయింది. అయినా నరసాపురంలో మా ఇంటికొచ్చిన కొత్తవాళ్ళు ఆవిడకి చూపు లేదని వెంటనే కనిపెట్టలేకపోయేవారు. కాఫీ కలిపి తెచ్చేది, నూతి దగ్గరికి వెళ్ళొచ్చేది, తలుపు గడియ పెట్టేది. నేను ఆఫీసుకు పోతే రోజంతా ఒక్కతే ఇంట్లో.

తొంభైల మొదట్లో ఒక చలికాలం నాకు రాజోలు బదిలీ అయింది. వెళ్ళాల్సింది గోదావరి అవతలికే. అయినా ఆ మాట చెప్పిన రోజు అత్తగారు అన్నం ముట్టలేదు.

నేను లారీ ఆఫీసుకి వెళ్ళి సామాన్ల జాబితా ఇచ్చొచ్చాను. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఒక మనిషి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. తుండుగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రేపు కదండీ మేం వెళ్ళేది?" అన్నాను.

"ఆయ్, రేపేనండి. ఓసారి చూసిపోదామని వచ్చానండి."

"జాబితా మీ ఆఫీసులో ఇచ్చానే. మంచాలు రెండు, చెక్క బీరువా, కావిడిపెట్టె, బల్ల..."

"సామాను రేపు ఎలాగూ చూస్తానండి. ఇవాళ ఇల్లు చూడాలండి."

లోపలికి వచ్చి గోడలవంక కాసేపు చూశారు. తర్వాత పెరటి మెట్లమీద కూర్చుని ఊరికే ఉండిపోయారు. నాకు చికాకేసింది. ఇంకా డబ్బాలు సర్దాలి, బట్టలు మూటకట్టాలి. అత్తగారు పడక్కుర్చీలో కూర్చుని ఉంది. వింటున్నది ఎవరన్నది పట్టించుకోకుండా, పొద్దుటినుంచీ అంటున్న మాటే మళ్ళీ అంది.

"అమ్మాయ్, నాకు కళ్ళున్నది ఈ ఇంట్లోనే. గుమ్మం దాటితే గుడ్డిదాన్ని. నన్ను పాలకొల్లులో మీ వదినగారింట్లో దింపేసి నువ్వెళ్ళు. మంచమ్మీద కూచోబెట్టి ఇంత ముద్ద పెడతారు. అక్కడ నువ్వు ఆఫీసుకి పోతే నేనేం చెయ్యను? గోడలు తడుముకుంటూ తిరగనా?"

మా ఆడపడుచు ఇంట్లో ఆవిడ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మంచానికి అంటుకుపోతుంది. అలాగని నేను ఉద్యోగం వదులుకోలేను.

మెట్లమీంచి మేస్త్రిగారు, "పెద్దమ్మగారూ, కాసిని మంచినీళ్ళిస్తారేంటండి?" అన్నారు.

చూపులేని ముసలావిణ్ణి నీళ్ళడుగుతాడేమిటీ మనిషి అని నాకు ఒళ్ళు మండింది. నేను లేవబోతే ఆయన వద్దన్నట్టు చెయ్యి చూపించారు. అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి, సరిగ్గా ఆయన కూర్చున్న మెట్టు దగ్గరే వంగి అందించింది. ఆయన తాగి, ఇంకాసిని అడిగారు. ఆవిడ మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆయన కూడా చప్పుడు లేకుండా లేచి, జేబులోంచి పురికొస ఉండ తీసి, ఆవిడ వెనకాలే నడుస్తూ ఆవిడ అడుగు పడిన చోటల్లా ఒక ముడి వేస్తున్నారు. నాకేమీ అర్థం కాలేదు. చీకటిపడేలోగా ఆవిడ మంచం నుంచి గుమ్మానికీ, గుమ్మం నుంచి వంటింటికీ, వంటింటి నుంచి నూతికీ అలా మూడు నాలుగు కొసలు ముళ్ళువేసి, చుట్టుకుని జేబులో పెట్టుకుని, పొద్దున్నే వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

అన్న మాట ప్రకారం తెల్లవారగానే లారీ వచ్చింది. ఆయన సామాను ఎక్కించే తీరు నేను మర్చిపోలేదు. తొందర ఉండేది కాదు. గాజు సామాను ఎండుగడ్డిలో చుట్టేవారు. ఆయనకి చదువు రాదు. అందుకని బొగ్గుముక్కతో పెట్టెలమీద బొమ్మలు వేసేవారు. వంటింటి పెట్టెమీద గరిటె, పూజ సామాను పెట్టెమీద దీపం, బట్టల మూటకి గుచ్చిన అట్టమీద చీర అంచులాంటి గీతలు. నా ఆఫీసు కాగితాలున్న పెట్టెమీద ఏం వేయాలో తోచక కాసేపు తలగోక్కుని చివరికి ఒక కళ్ళజోడు వేశారు. మంచాలు మాత్రం అన్నిటికంటే ఆఖర్న ఎక్కించారు.

"అవి ముందు ఎక్కించాల్సినవి కదండీ, పెద్ద సామాను?" అన్నాను.

"ఆఖర్న ఎక్కింది ముందు దిగుద్దండి. వెళ్ళగానే నడుం వాల్చుకోడానికి చోటుంటే మిగతావి రేపు చూసుకోవచ్చండి."

అత్తగారిని నేనే చెయ్యి పట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆవిడ మొహం చెక్కలా ఉంది.

రేవుకి వెళ్ళేసరికి మంచు విపరీతంగా కురుస్తోంది. పంటు మీదికి లారీ ఎక్కింది. లారీలు కూడా పట్టేంత బల్లకట్టు అది. మాతోపాటు సైకిళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు, పాలకేన్లతో ఒకాయన. గోదావరి కనపడడం లేదు. ఇంజను చప్పుడు మాత్రం మంచులోకి వెళ్ళి ఎక్కడో తగిలి తిరిగొస్తున్నట్టుగా ఉంది. సగం దూరం వెళ్ళి ఉంటాం, కింద ఏదో బరబరా రాసుకున్నట్టయి పంటు ఆగిపోయింది. ఆటు సమయం, నీళ్ళు బాగా తీశాయి. ఇసక మేట ఎక్కేసింది. పోటు వస్తేనే గాని కదలదన్నారు. ఇంజను ఆపేశారు.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం లాంటిది నేను మళ్ళీ వినలేదు. నీళ్ళు పంటు అంచుని నాకుతున్న చప్పుడు ఒక్కటే. మంచు ఎంత దట్టంగా ఉందంటే లారీ ముందు నిలబడితే వెనక భాగం కనపడలేదు. మా బీరువా, మా కావిడిపెట్టె, మా గిన్నెలు, మా ఇద్దరి బతుకూ ఎటూ కాని చోట, ఏ ఊరూ కాని చోట తెల్లగా తేలుతున్నాయి.

మేస్త్రిగారు లారీ వెనక్కి వెళ్ళి పడక్కుర్చీ దింపి పంటు బల్లలమీద వేశారు. అత్తగారిని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టి, మోకాళ్ళమీద దుప్పటి కప్పారు.

"ఎక్కడున్నాం అబ్బాయ్?" అంది ఆవిడ. ఆ పొద్దుట ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

"గోదారి మధ్యలో ఉన్నామండి."

"ఎటు చూసినా నీళ్ళేనా?"

"ఏమోనండి. మంచు. ఏమీ కనపడ్డం లేదు. నాకూ మీకులాగే ఉందండి."

అత్తగారు నవ్వింది. కొడుకు పోయిన తర్వాత ఆవిడ అలా నవ్వగా చూడ్డం అదే మొదటిసారి. కాసేపు తల వాల్చి విని, "అదిగో, ఆ వైపు రేవు. బట్టలు ఉతుకుతున్నారు. ఇటు కొబ్బరితోట. మట్టల చప్పుడు వినపడ్డం లేదూ?" అంది చెయ్యి చాపి. సైకిళ్ళవాళ్ళు కూడా దగ్గరికొచ్చి నిలబడ్డారు. వాళ్ళకేమీ వినపడలేదు. నాకూ వినపడలేదు. తర్వాత మంచు విడినప్పుడు చూస్తే ఆవిడ చూపించిన దిక్కునే కొబ్బరితోట ఉంది.

అప్పుడాయన జేబులోంచి పురికొసలు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఓసారి తడిమి చూడండి. ఇది మంచం దగ్గర్నుంచి గుమ్మానికండి. ఇది వంటింటికి. సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పండి."

ఆవిడ వేళ్ళు ముడిమీంచి ముడిమీదికి నడిచాయి. పెదాలు కదులుతున్నాయి. మొదటిది తడిమి తలూపింది. రెండోదీ సరే అంది. మూడోది చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇది తప్పు. నూతి దగ్గరికి పధ్నాలుగు కాదు, పదిహేను. ఆఖరిది చిన్నడుగు. అక్కడ పాకుడుంటుందని మెల్లిగా వేస్తాను."

"అదీ, అలా చెప్పండి," అని ఆయన ఆ కొస తీసుకుని, చివర కాస్త దగ్గరగా ఇంకో ముడి వేశారు.

ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. గంట అయివుండచ్చు, మూడు గంటలు అయివుండచ్చు. ఆవిడ ఆ ఇంటి సంగతులన్నీ ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఏ గోడ చేతికి గరుకుగా తగులుతుంది, బీరువా మూల ఎక్కడ మోకాలికి కొట్టుకుంటుంది. ఆయన మధ్యమధ్య "ఆయ్" అంటూ విన్నారు. పక్కనే నిలబడి నేనూ విన్నాను. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి నాకవేమీ తెలియవు. పోటు నీరు వచ్చి పంటు మెల్లగా లేచినప్పుడు ఎవరూ పెద్దగా సంతోషించినట్టు లేదు.

రాజోలులో నేను కుదుర్చుకున్న ఇల్లు పొడుగ్గా, రైలుపెట్టెలా ఉండేది. మేస్త్రిగారు లారీ దగ్గర కూలీలను ఆగమని, పురికొసలు పట్టుకుని ఖాళీ గదుల్లో అటూఇటూ తిరిగారు. బయటికొచ్చి మంచం హాల్లో వెయ్యమన్నారు.

"హాల్లో మంచమేంటండీ? ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చుంటారు?" అన్నాను.

"చుట్టాలు రోజూ రారు కదండీ. పెద్దమ్మగారు రోజూ ఉంటారు."

చెక్క బీరువాని గోడకి కాకుండా గది మధ్యకి, అడ్డంగా నిలబెట్టించారు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది. కాని మంచం దగ్గర లేచి ఏడడుగులు వేస్తే చెయ్యి దానికి తగులుతుంది. నరసాపురంలో ఏడో అడుగుకి గుమ్మం తగిలినట్టే. అక్కణ్ణుంచి బల్ల, బల్ల తర్వాత కావిడిపెట్టె, వంటింటి గడప. లేని గోడలన్నీ మా సామానుతో కట్టారాయన. రెండుసార్లు కొలత తప్పి, అంత బరువు బీరువానీ మళ్ళీ జరిపించారు. కూలీలు సణుక్కుంటే తనే భుజం ఆనించారు.

పెరట్లో నుయ్యి లేదు. బోరింగు ఉంది, దూరంగా. ఆయన ద్వారబంధానికి కొబ్బరితాడు కట్టి, అవతలి కొస బోరింగు పక్క రాటకి బిగించారు. అత్తగారి దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇదొక్కటి మటుకు నా వల్ల కాలేదండి. అయిదడుగులు ఎక్కువొచ్చింది."

"అయిదేగా. నేర్చుకుంటాలే," అంది ఆవిడ.

తర్వాత లేచి నడిచింది. మొదటి అడుగు వేసేముందు ఆగింది. నేను దగ్గరికి వెళ్ళబోయాను గాని, ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన ఆవిడ పాదాలవంకే చూస్తున్నారు. ఏడో అడుగుకి ఆవిడ చెయ్యి చాపింది, బీరువా తగిలింది. దానిమీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. మళ్ళీ కదిలి, బల్ల దాటి, పెట్టె దాటి, గడప దగ్గర కాలు సరిగ్గా ఎత్తి లోపలికి వెళ్ళింది. వంటింట్లోంచి చెంబు చప్పుడు వినపడింది. మేస్త్రిగారు తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, ఎవరివంకా చూడకుండా మెట్లమీద కూర్చున్నారు.

ఆ మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి అత్తగారు తలుపు తీసి, "కాళ్ళు కడుక్కో, కాఫీ ఇస్తాను," అంది.

అయిదారేళ్ళు అక్కడే ఉన్నాం. తర్వాత రామచంద్రపురం వేశారు. ఈసారి అత్తగారు ఏడవలేదు, అన్నం మానలేదు. "ఆ అబ్బాయి వస్తాడా లేదా కనుక్కో. అతనొస్తేనే కదులుతాను," అంది. ఎస్టీడీ బూత్ నుంచి లారీ ఆఫీసుకి ఫోన్ చేసి మేస్త్రిగారే రావాలని గట్టిగా చెప్పాను. వచ్చారు. జుట్టు సగం నెరిసింది. అవే పురికొసలు, జిడ్డోడి నల్లబడ్డాయి. వాటికి రాజోలు బోరింగు తాలూకు అయిదు ముళ్ళు కొత్తగా కలిపారు.

ఆ ప్రయాణం రావులపాలెం వంతెన మీదుగా జరిగింది. లారీ ఎక్కడా ఆగలేదు. నది దాటుతున్నామని ఆయన చెబితే అత్తగారు, "అప్పుడే అయిపోయిందా? ఓ అరగంట ఆగితే బావుండును," అంది.

దారిలో ఆవిడే అడిగింది, ఆయన ఇంట్లో సామానంతా ఎలా ఉంటుందని.

"మా ఇంట్లో ఏదీ కదపనండి. ఊడవడానికి మంచం జరపమంటే కూడా జరపను. ఇరవయ్యేళ్ళనించీ ఆ మంచం కింద చీపురు దూరినంత మేరే శుభ్రమని మా ఆవిడ అందరికీ చెబుతుందండి," అన్నారు. ఆయన తన గురించి చెప్పగా నేను విన్నది అంతే.

రామచంద్రపురంలోనూ హాల్లో మంచం, గది మధ్య బీరువా. ఇరుగుపొరుగువాళ్ళు మా ఇంటికొస్తే వింతగా చూసేవారు. నాకు మాత్రం అదే అలవాటైపోయింది. నేనూ చీకట్లో దీపం వెయ్యకుండా ఏడడుగులు నడిచి బీరువా తడుముకునేదాన్ని.

అత్తగారు అక్కడే పోయింది. పెద్దగా మంచాన పడలేదు. పెరట్లోంచి వచ్చి పడుకుని ఇంక లేవలేదు. ఆ తర్వాత ఏడాదికి నన్ను నిడదవోలు వేశారు. అప్పటికి నాకు సెల్‌ఫోన్ వచ్చింది. లారీ ఆఫీసు నంబరు మారిపోయింది. ఎవరినో అడిగి మేస్త్రిగారిని పట్టుకున్నాను. ఆయన బరువులు ఎత్తడం మానేశారు. అయినా వచ్చి, పక్కన నిలబడి చెయ్యి చూపిస్తూ సామాను ఎక్కించారు. అత్తగారు పోయిందని ఫోన్లోనే చెప్పాను. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. లారీ మీద మోకు బిగిస్తుంటే మాత్రం ఒకసారి ఆగి, ఖాళీ హాల్లోకి చూశారు.

నిడదవోలులో ఇంటికి ముందు రెండు గదులు, వెనక వసారా, వసారా అవతల కాలవ. లారీ వచ్చి ఆగింది. కూలీలు మోకు విప్పబోతే ఆయన ఆగమన్నారు. ఖాళీ గది మధ్యలో నిలబడి నావంక చూశారు.

"ఎలా సర్దమంటారండి?"

"ఎప్పటిలాగే సర్దండి," అన్నాను.

"ఎప్పుడూ పెద్దమ్మగారి కోసం సర్దాం కదండీ. ఇప్పుడు మీకోసం కదా."

అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. పుట్టింట్లో అమ్మ పెట్టిన చోట, అత్తింట్లో అత్తగారు పెట్టిన చోట, తర్వాత అత్తగారి అడుగుల ప్రకారం. ఒక ఇంట్లో నాకు ఏది ఎక్కడుంటే బావుంటుందో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. చిన్నప్పుడు లెక్క రాక బల్లమీద నిలబడ్డట్టు నిలబడిపోయాను.

ఆయన బయటికి వెళ్ళి, లారీలోంచి ఒక ఇనప మడతకుర్చీ మాత్రం తెచ్చారు. ముందు గదిలో కిటికీ పక్కన వేశారు.

"కూర్చోండి. ఎలా ఉందండి?"

కూర్చున్నాను. వీధి కనపడుతోంది. "బానే ఉంది."

"బానే ఉందంటే బాలేదనే కదండీ," అని కుర్చీ తీసి రెండో గదిలో వేశారు. అక్కడ కూర్చుంటే ఊపిరాడనట్టుంది. నేను చెప్పకముందే ఆయన కుర్చీ ఎత్తారు. వసారాలో ఒక మూల, స్తంభం పక్కన, కాలవవైపు తిప్పి వేశారు.

కూర్చున్నాను. కాలవలో నీళ్ళు నిండుగా, కదులుతున్నాయో లేదో తెలియనట్టు పోతున్నాయి. అవతలి గట్టుమీద ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు. గేదెల నీడలు నీళ్ళలో తలకిందులుగా నడుస్తున్నాయి. గాలి చల్లగా పాదాలకు తగులుతోంది. నిద్రా కాదు, మెలకువా కాదు, అలాంటిదేదో నన్ను కమ్ముకుంది. ఆయన ఎలా ఉందని అడగలేదు. కూలీలు లారీ మీద కూర్చుని బీడీలు కాల్చుకుంటున్నారు. మేస్త్రిగారు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, తనకీ వేరే పనేమీ లేనట్టు నిలబడి ఉన్నారు.

చాలాసేపటికి, "ఇది ఇక్కడే ఉండనివ్వండి," అన్నాను.

"మరి మిగతావండి?"

"మిగతావి దీన్ని బట్టి సర్దండి."

"అలాగేనండి," అని ఆయన లారీ దగ్గరికి వెళ్ళారు. లోపల బీరువా దిగుతున్న చప్పుడు, కావిడిపెట్టె ఈడుస్తున్న చప్పుడు, "మెల్లిగా, మెల్లిగా" అని ఆయన గొంతు. నేను కుర్చీలోంచి లేవలేదు.